టిప్పర్ నుదుటి మీద నాలుగో పేరు

ఆ ఉదయం భూపాల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిప్పర్ల వ్యాపారి నర్సింగం సేఠు ఇచ్చిన టిప్పర్‌ను ఒక్కరోజు నడిపి చూడాలి. మెకానిక్ మహమూద్‌కు ఇంజను చూపించాలి. భార్య సంధ్యారాణి ఒప్పందం కాగితాలు చదివి చెప్పాక, సాయంత్రం ఐదింటికి సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవాలి. హెవీ లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలే అయింది. ఆటో అమ్మగా వచ్చిన రెండు లక్షలు తప్ప అతనికి వేరే ఆధారం లేదు. అవి ముందుగా కడితే బండి చేతికొస్తుంది. నలభై రెండు నెలలు కిరాయిలోంచి కొంత సేఠుకు వదులుకుంటే బండి సొంతమవుతుంది. సేఠు చెబుతుంటే చాలా తేలికగా వినిపించింది. సేఠు ఏది చెప్పినా అలాగే వినిపిస్తుంది.

ప్లానులో ఒక్కటే లోపం. అందులో తల్లి కనకవ్వ లేదు.

సంధ్యారాణి కాగితాలు పట్టుకుని తాను పనిచేసే మీసేవా సెంటరుకు వెళ్లింది. మహమూద్ షెడ్డున్న గల్లీలో పది టైర్ల బండి పట్టదు కాబట్టి, భూపాల్ టిప్పర్‌ను తాముండే గని క్వార్టర్ ముందు నిలిపి, అతన్ని వెంటబెట్టుకు రావడానికి స్కూటర్ మీద వెళ్లాడు. మహమూద్ ఒక జేసీబీ కింద పడుకుని ఉన్నాడు. అతను బయటికి రావడానికి రెండు గంటలు పట్టింది.

కనకవ్వకు ఆ రెండు గంటలు చాలు. కూరగాయల సంచితో తిరిగొచ్చిన ఆమెకు ఇంటి ముందు నీలం టిప్పర్ కనబడింది. నీ కొడుకే నడుపుకుంటూ వచ్చాడని పక్కింటివాళ్లు చెప్పారు. కొడుకు బండి కొన్నాడని ఆమె నిర్ణయానికి వచ్చేసింది. కనకవ్వ ఒక నిర్ణయానికి వచ్చాక దాన్ని కదిలించడం, ఆమె భర్త ముప్పై ఏళ్లు గనిలో చేసిన పనికన్నా కష్టం. పైగా కొడుక్కి బండి వస్తే పోచమ్మకు యాటపోతును బలి ఇస్తానని ఆమెకు మొక్కు ఉంది.

భూపాల్ తిరిగొచ్చేసరికి టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ నిండా బండారి పసుపు, నంబరు ప్లేటును పూర్తిగా కప్పేసిన బంతిపూల దండ. బంపర్‌కు కట్టేసిన యాట ఆ దండ కొస నములుతోంది. డప్పులు మోగుతున్నాయి. నిచ్చెన మీద పెయింటర్ హసన్ క్యాబిన్ పైభాగాన్ని గీకుతున్నాడు. ఆ ప్రాంతంలో బండికి నుదుటి మీద పేరు పడితేనే అది ఫలానా వాళ్లదని లెక్క. తన పేరు పెద్ద అక్షరాలతో రాయమని కనకవ్వ చెప్పేసింది.

"అవ్వా, ఏంది ఇదంత?"

"నాకు చెప్పకుండ బండి తెస్తె నాకు తెల్వదనుకున్నవా? రా, బొట్టు పెట్టుకో."

అసలు సంగతి చెబుదామని భూపాల్ నోరు తెరిచాడు. ఆమె అందులో గుప్పెడు చక్కెర పోసింది. అది కరిగేలోగా ఐదుగురు ఆడవాళ్లు హారతి ఇచ్చి కళ్లు తుడుచుకున్నారు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు బూట్లు కూడా విప్పకుండా వచ్చి దావత్ ఎప్పుడని అడిగారు. ఇవాళేనంది కనకవ్వ. మొక్కు యాట అమ్మవారిది కాబట్టి, విందుకు ఇంకో యాట కోసం మనిషి పరుగెత్తాడు. ఇంజను చూడ్డానికి వచ్చిన మహమూద్‌ను బిర్యానీ వండే డేగ్ దగ్గర నిలబెట్టారు. ఎవరో పుణ్యాత్ముడు సేఠుకు కూడా ఫోను చేసి భోజనానికి పిలిచాడు.

సేఠు ఐదింటిదాకా ఆగలేదు. స్టాంపు కాగితాలతో మూడున్నరకే దిగాడు. భూపాల్ అతన్ని పక్కకు తీసుకెళ్లి, పొరపాటు జరిగిందని, ఇంకా ఏమీ తేల్చుకోలేదని బతిమాలాడు. సేఠు చల్లగా నవ్వాడు. బండికి పాత రంగు రావాలంటే ఎంతవుతుందో మెల్లగా చెప్పాడు. తర్వాత అందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"బండారి పెట్టినంక బండి ఆ పేరుదే అయితది, భూపాల్. అమ్మోరి ముందట ఎనుకకు పోతరా ఎవలన్న? గిక్కడ సంతకం పెట్టు."

రెండొందల మంది చూస్తున్నారు. తల్లి తలెత్తి నిలబడి ఉంది. ఇప్పుడు కాదంటే ఆమె పరువు పోతుంది. అవునంటే రెండు లక్షలు చదవని కాగితంలో పడతాయి. భూపాల్ పెన్ను మూత తీశాడు.

"సేఠు, ఒక్క నిమిషం," అన్నాడు నిచ్చెన మీద హసన్. "గిది నా రాతే."

నీలం రంగు ఊడినచోట 'పోశవ్వ దీవెన' అని ఎర్రటి అక్షరాలున్నాయి. హసన్ ఇంకా గీకాడు. దాని కింద 'యమున' వచ్చింది. దాని కింద 'రుత్విక్'. జనం ఒక్కో పేరూ పైకి చదివారు.

"మూడు సార్లూ సేఠే పంపిండు. చూడుండ్రి, ఒక్క అక్షరం వంకర పోలే," అన్నాడు హసన్. అతను నింద వేయడం లేదు, తన పనితనం చూసి మురిసిపోతున్నాడు.

బంతిలో భోజనం చేస్తున్న సదయ్య అనే డ్రైవరు ఎంగిలి చేత్తోనే లేచొచ్చాడు. అప్పటికి యాట దండ మొత్తం తినేయడంతో నంబరు ప్లేటు బయటపడింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

"పోశవ్వ మా అవ్వ. ముప్పై తొమ్మిది నెలలు కట్టిన. ఇంక మూడు నెలలుందనంగ లోడు బందువెట్టి బండి గుంజుకున్నడు. రంగు మార్చెసరికి కండ్ల ముందట తిరిగినా ఆనవాలు పట్టలే."

అప్పుడే సంధ్యారాణి గుంపును తోసుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో కాగితాలున్నాయి, పదకొండో షరతు కింద రెండు గీతలున్నాయి.

"వరుసగ పదిహేను రోజులు లోడు లేకపోతె ఒప్పందం రద్దట. కట్టిన పైసలు వాపసు రావట. మరి లోడు ఇచ్చెటోళ్లు ఎవలు? సేఠే."

డప్పులు ఆగాయి. కనకవ్వకు సంగతి అప్పుడు అర్థమైంది. కొడుకు బండి కొనలేదన్న దిగులుకు ఆమె ఒక్క క్షణం కూడా కేటాయించలేదు.

"బండారి పెట్టినంక బండి ఆ పేరుదే అని ఇప్పుడే అంటివి గద, నర్సింగం. మరి సదయ్య పెట్టలేదా బండారి?"

ఆ గుంపులో సేఠు బండ్లే నడుపుతున్న తొమ్మిది మంది డ్రైవర్లు ఫోన్లు తీసి, తమ ఒప్పందాల ఫొటోల్లో పదకొండో షరతు వెతుక్కున్నారు. అందరికీ దొరికింది. అర్జెంటు పనుందని సేఠు కారు వైపు చూశాడు. కారుకు ముందు డేగ్, వెనక డ్రైవర్లు.

భూపాల్ పెన్ను తిప్పి సేఠు చేతికిచ్చాడు.

"ఇప్పుడు సంతకం నీదే, సేఠు. పదకొండోది కొట్టేసి పెట్టు. నా కాగితం మీద, వీళ్లందరి కాగితాల మీద."

డ్రైవర్లు ఇళ్లనుంచి కాగితాలు తెచ్చాక, సేఠు పది చోట్ల కొట్టేసి, పది చోట్ల సంతకం పెట్టాడు. సదయ్య కట్టిన ముప్పై తొమ్మిది నెలలు లెక్కలోకి వచ్చాయి. భూపాల్ తన రెండు లక్షలూ సదయ్యకు వాటాగా ఇచ్చి, మిగిలిన మూడు నెలలూ ఇద్దరూ కలిసి కట్టేలా, బండి ఇద్దరిదయ్యేలా కొత్త కాగితం రాసుకున్నారు. మిగతా రెండు పేర్ల వాళ్లకు గోలేటికి, మందమర్రికి అక్కడినుంచే ఫోన్లు వెళ్లాయి. మహమూద్ చేతులు కడుక్కుని వచ్చి ఇంజను విన్నాడు, ఐదేళ్లకు ఢోకా లేదన్నాడు. సాయంత్రానికి నుదుటి మీద 'పోశవ్వ కనకవ్వ దీవెన' అని పచ్చటి అక్షరాలు మెరిశాయి.

ఆ రోజు నిజంగా నష్టపోయింది హసన్ ఒక్కడే. మూడున్నరేళ్లకోసారి తప్పకుండా వచ్చే గిరాకీ పోయింది.