నూట పన్నెండు మెట్ల వారసత్వం

పైవీధి వాసులకు తెలియజేయడమేమనగా, కింది బావి నుంచి నూట పన్నెండు మెట్లెక్కి నీళ్లు మోసేవారు ఇకపై అతిథుల ఎదుట ప్లాస్టిక్ బిందెలు వాడరాదు. మధ్యలో కూలబడరాదు. రొప్పరాదు.

ఈ ప్రకటన రాసినది సుస్థిర పర్యాటక సంఘం కార్యదర్శి, రిటైరైన డ్రాయింగు మాస్టారు. సుస్థిరమంటే ఉన్నది ఉన్నట్టే ఉండటమని అర్థం చెప్పిందీ ఆయనే, ఆహా అని ఒప్పుకున్నదీ ఆయనే.

మొదటి ఏడాది టిక్కెట్ల రాబడితో సముదాయ అభివృద్ధి శరవేగంగా జరిగింది. మెట్ల మధ్యలో పందిరి వేసి, ఆడవాళ్లు ఎక్కుతుంటే చూసే అతిథులు అలసిపోకుండా కుర్చీలు వేయించారు. ప్రారంభోత్సవంలో మాస్టారు, "కుళాయి ఏ ఊళ్లోనైనా ఉంటుంది. ఇలా మెట్లెక్కే అక్కచెల్లెళ్లు ఎక్కడున్నారు?" అని గద్గదంగా ప్రసంగించారు. అతిథులు చప్పట్లు కొట్టారు. అక్కచెల్లెళ్లకు చేతులు ఖాళీ లేవు.

పైవీధికి నీటి పైపు మంజూరై ఆర్నెల్లయింది. సంఘానికి అభ్యంతరం లేదని మాస్టారు ఒక్క సంతకం పెడితే చాలు. కాగితం ఆయన సొరుగులోనే ఉంది. ఈలోగా రోజూ నీళ్లు మోసే ఆయన భార్యకు మోకాలు వాచింది. ఇక మెట్లెక్కితే కాలు దక్కదన్నాడు డాక్టరు. మాస్టారు నిజంగానే బాధపడ్డారు. ఆయన చెడ్డవాడు కాదు, కార్యదర్శి, అంతే.

మంగళవారం ఆమె టిక్కెట్టు కొనుక్కుని, కుంటుకుంటూ వెళ్లి పందిరి కింద ముందు కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ నేను అతిథిని. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. కానివ్వండి."

మాస్టారు బిందె ఎత్తుకున్నారు. నలభయ్యో మెట్టుకు నాలుక పిడచకట్టింది. అరవయ్యో మెట్టుకు చొక్కా తడిసి ముద్దయింది. రొప్పకూడదని రాసిన వెధవ ఎవడా అనుకుని, గుర్తొచ్చి ఊరుకున్నారు. మూడో విడతలో పందిరి దగ్గర బిందె దించేశారు.

"నా వల్ల కాదే. నిన్ను ఇన్నాళ్లూ చంపుకు తిన్నాను. ఇప్పుడే వెళ్లి సంతకం పెడతా, పైపు వేయిద్దాం."

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"అయ్యో, పైపా?" అంది వెనక కుర్చీలోని పెద్దావిడ, కెమెరా పట్టుకుని. "ఇంత అందం పాడుచేసుకుంటారా? మీరు మోస్తుంటే ఎంత సహజంగా ఉందో తెలుసా!"

మాస్టారు ఆగారు. తడి చొక్కా సర్దుకున్నారు.

"సహజంగానే ఉందంటారా?" అని బిందె మళ్లీ భుజానికెత్తుకున్నారు. "ఎటు తిరగమంటారు?"

భార్య మెల్లగా కూర్చుంది. పాఠకులూ దయచేయవచ్చు. ఆమె పక్కన, మంచి నీడలో, ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది.