వరహాలు కువైట్ గుట్టు

హార్బరులో లారీ నడిపే వరహాలు ఆ ఉదయం చద్దన్నం తింటూనే భార్య మీద విరుచుకుపడ్డాడు. అతనికి కువైట్‌లో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకల్లా చేరకపోతే ఇంకొకడిని పెట్టుకుంటారు. అక్కడ బండి నడపాలంటే ఇక్కడి నుంచి పర్మిట్ పట్టుకెళ్ళాలి. అది చేతిలో పడేదాకా సంగతి పొక్కకూడదు. పొక్కితే దిష్టి తగులుతుంది, పైగా సందులో తలా ఒకళ్ళు టేప్ రికార్డరు తెమ్మంటారు.

"ఒలే పైడితల్లీ, ఎవులికైనా సెప్పినావంటే నాను ఊరుకోను."

"నాకేటి పని మావా? నువ్వు అరవకుండా ఉంటే సాలు."

ఒకింట్లో పులుసు మాడితే పదిళ్ళవాళ్ళు దాని గురించి మాట్లాడుకునే సందు అది. అలాంటి చోట ఈ ఒక్క గుట్టూ నిలిచింది. కొంప ముంచింది అదే.

పర్మిట్‌కి అర్జీ పెట్టాడు కానీ, అతని లైసెన్సులో పల్లెటూరి చిరునామా ఉంది. అందుకని లైసెన్సుల ఆఫీసువాళ్ళు, అతను ఇప్పుడెక్కడ ఉంటున్నాడో చూసి రమ్మని మనిషిని పంపారు. ఖాకీ బట్టలతో ఆ మనిషి వచ్చేసరికి వరహాలు డ్యూటీలో ఉన్నాడు, పైడితల్లి బజారుకెళ్ళింది.

"లారీ డ్రైవరు వరహాలు ఉండేది ఇక్కడేనా?"

పక్కింటి చిలకమ్మ చేపలు కడుగుతోంది. ఖాకీని చూడగానే, వరహాలు ఎవరినో గుద్దేశాడని తేల్చేసుకుంది. తమ మనిషిని పోలీసులకు పట్టివ్వడం ఆ సందులో లేదు.

"ఆడు ఇక్కడుండడు బాబూ. ఆడికి లారీ నడపడమే రాదు."

ఎదురింటి టైలరు గులాం మొహమ్మద్ మిషను ఆపి మరీ వచ్చాడు. "సైకిలే రాదు సాబ్, లారీ ఏం నడుపుతాడు?"

వచ్చినవాడు అదంతా రాసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇద్దరూ తమ తెలివిని గొప్పగా చెప్పుకున్నారు. వరహాలు తలకాయ బాదుకున్నాడు.

"మిమ్మల్ని ఎవుడు సెప్పమన్నాడు? నాను కువైట్ ఎల్తన్నాను! డ్రైవరుగా ఎల్తన్నాను!"

సందు చివరిదాకా వినపడింది. చిలకమ్మ చేటను నేలకేసి కొట్టింది. "మరి మాకెందుకు సెప్పనేదురా? మేం పరాయోళ్ళమా? నీ పిల్లకి జొరమొస్తే ఆస్పత్రికి ఎవులు మోసినారు?"

ఆ మాట నిజమే. వరహాలుకి కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు తప్పు దిద్దుతామని ఇద్దరూ వరహాలు వెంట లైసెన్సుల ఆఫీసుకు బయల్దేరారు. వద్దని అతను దారి పొడుగునా అరిచాడు. వాళ్ళు బస్సు దిగలేదు.

ఆఫీసరు అప్పటికే మండిపడుతున్నాడు. "నిన్న లారీ రాదన్నారు. ఇవాళ వచ్చంటున్నారు. ఆటలుగా ఉందా మీకు?"

"పోలీసనుకున్నాం బాబూ," అంది చిలకమ్మ. "ఆడంత డ్రైవరు ఈ హార్బరులోనే లేడు. ఎంత తాగినా బండి గీత దాటదు."

"కునుకు తీస్తూ కూడా నడిపేస్తాడు సాబ్," అన్నాడు గులాం మొహమ్మద్. "మొన్న నేను పక్కనే ఉన్నా. గాజువాక నుంచి హార్బరుదాకా కళ్ళు తెరవలేదు. ఒక్క కోడికి కూడా దెబ్బ తగల్లేదు."

ఆఫీసరు ఆ మాటలు కూడా రాసుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు. "ఏదీ, లైసెన్సు ఇలా ఇవ్వు."

పర్మిట్ రాస్తాడనుకుని వరహాలు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ ఇచ్చాడు. ఆయన దాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు.

"విచారణ వచ్చే నెల. అప్పటిదాకా బండి ముట్టుకోకు."

ఇక దాచుకోవడానికి వరహాలు దగ్గర గుట్టూ లేదు, లైసెన్సూ లేదు.