నిమిషానికి తొమ్మిది

పెన్న ఎగువన ఓ పట్టణంలో కడుతున్న సర్కారు ఆసుపత్రికి పర్యావరణ హిత టెండరు ఖరారయ్యాక, కూలీలు వదిలే ఊపిరిని కూడా కాలుష్యంలో కలిపేశారు. సోమవారం నుంచి మనిషికి నిమిషానికి తొమ్మిది ఊపిర్లే అని గేటు దగ్గర బోర్డు పెట్టారు. టెండరు దక్కింది కూడా ఆ తొమ్మిదికే. తక్కిన కాంట్రాక్టర్లు పన్నెండుకంటే దిగలేమన్నారట.

కాంక్రీటు తట్టలు మోసే ఓబులమ్మ మెడలో సైటు ఇంజనీరు సుధీంద్ర ఓ చిన్న మీటరు వేశాడు. ఆమె దాన్ని తాళిబొట్టుకు చిక్కుపడకుండా సర్దుకుంటూ, "మరి ఆ కాంక్రీటు కలిపే మిల్లరు పొగో సార్?" అని అడిగింది.

"అది అద్దెకు తెచ్చిందమ్మా. దాని పొగ ఓనరు లెక్కలోకి పోతుంది. నీ ఊపిరే మనది."

ఓబులమ్మకి అది న్యాయమే అనిపించింది.

మొదటి వారం కళ్లు బైర్లు కమ్మాయి. మెట్ల కింద పీల్చి, పైన తట్ట దించాక వదలడం మెల్లగా పట్టుబడింది. మూడో వారానికి ఏడుకు దిగింది. ఇబ్బందల్లా కాశీం మేస్త్రికే. ముప్పై ఏళ్ల సిమెంటు దుమ్ము ఆయన రొమ్ములో ఉంది. ఒక్క దగ్గు నాలుగు ఊపిర్ల కింద లెక్క.

ఓ మధ్యాహ్నం రెండో అంతస్తులో తాపీ చేతిలో ఉండగానే కాశీం ఒరిగిపోయాడు. ఆయన మెడలో మీటరు సున్నా చూపించింది. సుధీంద్ర పరుగున వచ్చి ముందు దాన్ని ఫొటో తీసుకున్నాడు. ఓబులమ్మ తట్ట పారేసి, ఎప్పుడో సేఫ్టీ క్లాసులో బొమ్మకు ఊదినట్టే మేస్త్రి నోట్లో నోరు పెట్టి ఊదింది. ఇరవై మూడోసారికి ఆయన దగ్గాడు.

"ఎంత పని చేసినావమ్మా!" అన్నాడు కాశీం, ఆమె మీటరు చూసి. "నీ ఊపిరంతా నాకే పోసినావే!"

సుధీంద్ర మంచివాడు. ఆమెను శిక్షించొద్దని పై ఆఫీసుకు రాశాడు. జవాబూ మర్యాదగానే వచ్చింది: శిక్షేమీ లేదు, అదనంగా వాడిన ఊపిర్లను మాత్రం ఆమె వాటాలోంచి రోజుకు కొన్ని చొప్పున కోసుకోవాలి. ఓబులమ్మ చేతులెత్తి దండం పెట్టింది.

ఆసుపత్రికి అవార్డు వచ్చింది. ప్రారంభం నాడు ఊపిరితిత్తుల వార్డు ముందు మొక్క నాటారు. ఆ వార్డులో మొదటి రోగి చీటీ కాశీందే.

ఆ సాయంత్రం ఓబులమ్మ ఇల్లు చేరేసరికి, బడిలో పరుగుపందెం గెలిచిన కూతురు హేమావతి కప్పు పట్టుకుని రొప్పుతూ ఎదురొచ్చింది. ఓబులమ్మ కప్పు వంక చూడలేదు. పిల్ల రొమ్ము మీద చెయ్యి వేసి నిమిషంపాటు లెక్కపెట్టింది.

"ఇంత దుబారా అయితే రేపు నీకు పనెవరిస్తారే?"

హేమావతి తప్పు చేసినదానిలా నోరు మూసుకుని, మెల్లగా ముక్కుతో పీల్చింది.