ముప్ఫై రెండు ఒకట్లు

ఆ సోమవారం పొద్దున పెద్ద సిస్టర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదిలోపు జిల్లా ఆఫీసు పంపిన ఫారం నింపెయ్యాలి. పదకొండుకల్లా కట్లు కట్టే పని ముగించాలి. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి వెనక గది దులిపించి అమ్మాయి కోసం సిద్ధం చెయ్యాలి. అమ్మాయికి తొలి కాన్పు, ఇంకా ఇరవై రోజులుంది. అత్తగారిల్లు నాలుగు వీధుల అవతలే అయినా, కాన్పు అమ్మ చేతుల మీదుగానే జరగాలని, తర్వాత నెల్లాళ్ళు అమ్మ దగ్గరే ఉంటానని అమ్మాయి పట్టుబట్టింది. అందుకని పెద్ద సిస్టర్ సెలవు కూడా మంజూరు చేయించుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఆరోగ్య కేంద్రంలో ఆవిడే నర్సు. ఊళ్ళో సగం మందికి మొదటి స్నానం చేయించింది ఆవిడే. అయినా సొంత మనవడో మనవరాలో వస్తుందనేసరికి ఆవిడకీ కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

ఫారం పేరు రెండు వరసలు పట్టింది: 'ప్రాథమిక ఆరోగ్య సిబ్బంది వృత్తి నైపుణ్యాల స్వీయ మూల్యాంకనం.' కింద ముప్ఫై రెండు పనులు, ఒక్కోదాని ఎదురుగా ఒక గడి. అస్సలు రాదనుకుంటే ఒకటి వెయ్యాలి, ఇంకొకరికి నేర్పగలననుకుంటే అయిదు. మొదటిది రోగిని పలకరించడం, రెండోది చేతులు కడుక్కోవడం, చిట్టచివరిది కాన్పు చెయ్యడం. పెద్ద సిస్టర్ కళ్ళజోడు తుడుచుకుని మొదటి గడిలో అయిదు వెయ్యబోయి ఆగింది. తనకు తనే అయిదు వేసుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని మొహమాటం. పోనీ నాలుగు వేద్దామంటే, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే మందుల గదిలోంచి గెజెట్ తల బయటపెట్టాడు. ఆయన ఫార్మసిస్టు. పైవాళ్ళు ఏదైనా ఆలోచించకముందే ఆయనకు తెలిసిపోతుంది కాబట్టి ఆ పేరు పడింది. ఆయన చెప్పినవాటిలో సగం ఎప్పుడూ జరగవు. మిగతా సగం చూసి జనం ఆయన్ని నమ్ముతుంటారు.

"ఏంటి సిస్టర్, అయిదులు వేస్తున్నారా? అయితే పెట్టె సర్దుకోండి," అన్నాడు.

"పెట్టె దేనికి?"

"అయిదులు వేసుకున్నవాళ్ళందర్నీ ట్రైనర్లుగా పట్టుకుపోతారు. మూడు వారాలు ట్రైనింగ్ సెంటర్ హాస్టల్లోనే ఉండాలి. సెలవులన్నీ రద్దు."

పెద్ద సిస్టర్ పెన్ను పైకెత్తేసింది. "నాలుగు వేస్తేనో?"

"నాలుగుకీ అయిదుకీ తేడా ఎవరు చూస్తారండీ!"

"పోనీ, ఒకటి వేస్తే?"

గెజెట్ పకపకా నవ్వాడు. "ఏమీ రానివాళ్ళని పాఠం చెప్పమని ఎవరైనా పిలుస్తారా? ఒకట్లు పారేసి, హాయిగా ఇంట్లో కూర్చుని పసిబిడ్డని ఎత్తుకోండి."

ఏమీ రానివాళ్ళని పాఠం వినమని పిలుస్తారేమోనన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదు. పెద్ద సిస్టర్ వరసగా ఒకట్లు వేసుకుంటూ పోయింది. చేతులు కడుక్కోవడం దగ్గర మాత్రం పెన్ను కాస్త మొరాయించింది. కళ్ళు మూసుకుని అక్కడా ఒకటి వేసింది. డాక్టరమ్మ బయట బారులు తీరిన జనాన్ని చూసుకుంటూ, కాగితాల కట్టలో ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో అక్కడక్కడ పెట్టేసింది. మధ్యాహ్నానికి ఫారం వెళ్ళిపోయింది, వెనక గది అద్దంలా తయారైంది.

గురువారం జవాబొచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివి పెద్ద సిస్టర్ని లోపలికి పిలిచింది.

"ఏంటి సిస్టర్ ఇది? మీకు చేతులు కడుక్కోవడం రాదా? నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు నేర్పిందే మీరు కదా!"

పెద్ద సిస్టర్ ఉన్న సంగతి చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వాలో కోప్పడాలో తెలియక ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది. ఫారం కంప్యూటర్లోకి ఎక్కేసిందట. ఇప్పుడు పొరపాటున రాశానంటే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు అవుతుందట. అధికారి స్వయంగా వచ్చి పరీక్ష చేసేదాకా, రావని తనే రాసిచ్చిన పనులేవీ ఆవిడ చెయ్యకూడదట. ఆయన ఏ రోజైనా చెప్పాపెట్టకుండా వస్తాడట. ఈ ఉత్తర్వు నోటీసు బోర్డు మీద అంటించాలట.

ఇంకేముంది, రావని రాసిన పనుల్లో మొదటిది పలకరించడమే కాబట్టి పెద్ద సిస్టర్ మూల కుర్చీలో నోరు కట్టుకుని కూర్చుంది. ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. జ్వరమొచ్చిన పిల్లలు ఆవిడకేసి చేతులు చాస్తుంటే చూపు తిప్పుకుంది. ఒక ముసలాయన డాక్టరమ్మ చేతిలో సూది చూసి చొక్కా చెయ్యి కిందికి దించేసుకున్నాడు. "పెద్ద సిస్టర్ పొడిస్తే చీమ కుట్టినట్టుంటుంది. ఆవిడకి నా మీద కోపమేమో కనుక్కోండమ్మా, తగ్గాకే వస్తాను," అని వెళ్ళిపోయాడు.

ఇంట్లో భర్త విని నివ్వెరపోయాడు. "పాతికేళ్ళుగా చేతులు కడుక్కో, చేతులు కడుక్కో అని నా ప్రాణం తీశావు. నీకే రాదని రాసిచ్చావా?" అని అడిగి, ఆ పూట తిన్నగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడ ఒక్క చూపు చూసింది. లేచి వెళ్ళి కడుక్కొచ్చాడు.

అసలు ముప్పు శుక్రవారం వియ్యపురాలి రూపంలో వచ్చింది. ఆవిడ నెలకోసారి బీపీ చూపించుకోవడానికి వస్తుంది. "బావున్నారా వదినగారూ?" అని నిండుగా పలకరించింది. పెద్ద సిస్టర్ పెదాలు బిగించి తల ఊపింది. వియ్యపురాలి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇంత పొగరు ఎందుకొచ్చిందా అని చుట్టూ చూస్తుంటే నోటీసు కళ్ళబడింది. ముప్ఫై రెండు పనుల పేర్లూ వేలు పెట్టి చదివింది. చివరి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ," అంది. పొగరు సంగతి మరిచిపోయి, గొంతులో నిజంగానే భయం. "కాన్పు చెయ్యడం రాదని మీరే రాసిచ్చారు. పిల్ల తొలిచూలు. పట్నంలో పెద్దాసుపత్రిలో చేయిస్తాం. ఆ తర్వాత మా ఇంట్లోనే ఉంటుంది, నేనే చూసుకుంటాను."

పెద్ద సిస్టర్ ఏదో అనబోయింది. అప్పుడే గేటు దగ్గర ఎవరో చేతిలో పెట్టె పట్టుకుని కనిపించారు. అధికారేమో అనుకుని నోరు మూసుకుంది. తీరా చూస్తే కుళాయి బాగుచేసేవాడు. ఈలోగా వియ్యపురాలు వీధి మలుపు తిరిగేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి వెనక గది తలుపు దగ్గర నిలబడి పెద్ద సిస్టర్ నిజంగానే ఏడ్చింది. అమ్మాయి దగ్గర ఉండాలనే ఇదంతా చేసింది. తీరా ఇప్పుడు అమ్మాయే రాదు.

అధికారి మంగళవారం పదకొండింటికి దిగాడు. పాతికేళ్ళు దాటిన కుర్రాడు, మెడలో టై, చంకలో రాసుకునే అట్ట, చేతిలో పరీక్షకు వాడే రబ్బరు బొమ్మ. ఆ వేళ డాక్టరమ్మ టీకాల పని మీద కాలువ అవతలి బడికి వెళ్ళింది. గెజెట్ చెవిలో గుసగుసలాడాడు: "ఏమీ రావని తేలితే మొదటినుంచీ నేర్పడానికి హాస్టల్‌కి పంపిస్తారు. అన్నీ వచ్చని తేలితే తప్పుడు సమాచారం, పైగా ట్రైనరు. మధ్యలో ఉండండి సిస్టర్. సగం రైటు, సగం తప్పు."

చెప్పినంత తేలిక కాలేదు. బీపీ తప్పు చూద్దామనుకుంటే పట్టీ సరిగ్గా ఉండాల్సిన చోటే కూర్చుంది. బొమ్మ చేతికి సూది వంకరగా గుచ్చుదామనుకుంటే తిన్నగా దిగింది. కట్టు వదులుగా కడదామనుకుంటే బిగుతు ఎంతుండాలో అంతే ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆవిడ మాట విన్న చేతులు ఆ రోజు ఎదురుతిరిగాయి. అధికారి కలం గడి గడికీ తడబడుతోంది. "మేడం, ఫారంలో రాసిందొకటి, ఇక్కడ జరుగుతున్నదొకటి," అని నుదురు రుద్దుకున్నాడు.

అప్పుడే వియ్యపురాలు అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. పట్నం ఆసుపత్రిలో చూపించడానికి, ఇక్కడ చేసిన పరీక్షలు రాసిన అమ్మాయి కార్డు కావాలట. అమ్మాయి గుమ్మం పట్టుకుని ఆగింది.

"ఏమ్మా?" అంది పెద్ద సిస్టర్, నియమం మరిచిపోయి.

"ఏం లేదమ్మా. రాత్రినుంచీ నడుము పట్టేసింది. అత్తయ్య నూనె రాసింది. వస్తోంది, పోతోంది."

పెద్ద సిస్టర్ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసి గోడ గడియారం వంక చూసింది. మూడు నిమిషాలు అలాగే నిలబడి నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం చూసింది. తర్వాత ఆవిడ గొంతులో సగం రైటూ లేదు, సగం తప్పూ లేదు.

"బల్ల మీదికి పదమ్మా. గెజెట్‌గారూ, అంబులెన్సుకి, డాక్టరుగారికి ఫోన్లు కొట్టండి. వదినగారూ, పిల్ల తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకోండి. బాబూ, ఆ అట్ట అవతల పడేసి చేతులు కడుక్కో."

"నేనా మేడం? నేను పరీక్షించడానికి..."

"కడుక్కో!"

కడుక్కుని వచ్చాడు. ఆవిడ అతని వేళ్ళు చూసింది. "బొటనవేళ్ళు వదిలేశావు. మళ్ళీ." మళ్ళీ వచ్చాడు. "గోళ్ళ సందులు ఎవరు తోముతారు? మళ్ళీ." మూడోసారి అతను కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి, ఎవరూ చెప్పకుండానే వియ్యపురాలు కూడా వెళ్ళి పక్కన నిలబడింది.

అంబులెన్సు పట్నంనుంచి రావాలి. పాప మాత్రం దానికోసం ఆగలేదు. గంట తిరక్కముందే పుట్టి, గది అదిరేలా ఏడ్చింది. పెద్ద సిస్టర్ బొడ్డు కోసి, తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెట్టి, చెయ్యాల్సినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసింది. అన్నీ అయ్యాకే గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలో ఆవిడంత సుఖంగా ఉన్న మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ ఆదరాబాదరాగా వచ్చిన డాక్టరమ్మకు, పాప బరువు చూడటం తప్ప ఏ పనీ మిగల్లేదు.

"వదినగారూ," అంది వియ్యపురాలు, అమ్మాయి చెయ్యి ఇంకా వదలకుండా, "పట్నమూ వద్దు, ఏమీ వద్దు. సాయంత్రం బట్టలు మీ ఇంటికే పంపిస్తాను. మీరు అలా రాసిచ్చారంటే అందులో ఏదో పెద్ద విషయమే ఉంటుంది. నేనింక అడగను."

అధికారి ముప్ఫై రెండు గడుల్లోనూ అయిదులు వేసి, ఎవరి కంటా పడకుండా బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను బల్ల మీద వదిలిన నకలులో అయిదులు చూసి పెద్ద సిస్టర్‌కు మళ్ళీ హాస్టల్ గుర్తొచ్చింది. అమ్మాయి ఇంటికొస్తోంది, పాప వస్తోంది. ఇప్పుడు వెళ్ళాల్సింది తనేనా?

వారం తిరిగేసరికి ఒకే టపాలో రెండు ఉత్తరాలొచ్చాయి. మొదటిదాన్ని ఆఫీసులో ఒక విభాగం పాత ఒకట్లను చూసి పంపింది: ముప్ఫై రెండింటిలోనూ వెనకబడిన మీకు మూడు వారాల శిక్షణ తప్పనిసరి, మీ కేంద్రానికి నియమించిన శిక్షకుల దగ్గరే నేర్చుకోవాలి, సెలవు రద్దు. రెండోదాన్ని ఇంకో విభాగం కొత్త అయిదులను చూసి పంపింది: మీ కేంద్రానికి మిమ్మల్నే శిక్షకురాలిగా నియమించాం, అవే మూడు వారాలు. హాస్టల్ ఊసు రెండింటిలోనూ లేదు. "మారుస్తారని నేను అప్పుడే అనుకున్నాను," అన్నాడు గెజెట్.

డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. రెండూ సరైనవేనని, రెండు ఫైళ్ళూ మూసేశామని, మూసిన ఫైలు తెరిచే పద్ధతి తమ దగ్గర లేదని జవాబొచ్చింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వింది.

"పాఠం చెప్పేదీ మీరే, వినేదీ మీరే. ఇద్దరూ ఒప్పుకుంటే క్లాసు ఎక్కడైనా పెట్టుకోవచ్చు సిస్టర్. ప్రాక్టికల్స్‌కి బాలింత, పసిపాప మీ ఇంట్లోనే ఉన్నారు. ఇంకెక్కడికో పొమ్మంటే చదువు పాడవుతుంది."

మూడు వారాలూ క్లాసు పెద్ద సిస్టర్ వెనక గదిలో, ఉయ్యాల పక్కన, ఒక్క రోజు కూడా గైర్హాజరు లేకుండా జరిగింది. శిక్షణ తర్వాత విద్యార్థిని ఏమాత్రం మెరుగుపడిందో అంకె వెయ్యమన్న గడిలో శిక్షకురాలు కాసేపు ఆలోచించి, మొహమాటానికి నాలుగు వేసింది.