మా డాబా మీది కరీబియన్

మా పెద్దమ్మాయి కరీబియన్ సముద్రంలో ఏదో దీవికి వెళ్లాలనుకుంటోందన్న సంగతి బయటపడిన సాయంత్రమే, మా ఇంట్లో ప్రయాణ భద్రతా సంఘం ఏర్పాటైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అధ్యక్షులు మా అన్నయ్య. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు కాబట్టి సముద్రం కూడా ఆయన శాఖ కిందికే వస్తుంది. సలహాదారు పక్కింటి వార్తలావిడ. లోకంలో ఎక్కడ పడవ మునిగినా ముందు ఆవిడకి తెలుస్తుంది, ఆ తర్వాతే మునిగినవాళ్లకి. సభ్యులు మా ఆయన. ఆయన పని కుర్చీలు వేయడం, తల ఊపడం. కార్యదర్శిని నేను. చదివింది తక్కువే అయినా, భయపడటంలో నా అంత అనుభవం ఉన్నవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు.

మా ఇంటి పద్ధతి కూడా చెప్పాలి. ఎవరు దూర ప్రయాణం తలపెట్టినా ఇంటిల్లిపాదీ "సరే" అనాలి. ఒక్కరు మూలిగినా ఆ ప్రయాణం ఆగినట్టే. ఈ పద్ధతి వల్ల మా వంశంలో ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి దారిలో ఎవరికీ ఏమీ కాలేదు. పద్ధతి మంచిదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అమ్మాయి లిఫ్టులు బాగుచేస్తుంది. పెద్ద పెద్ద మేడల్లో లిఫ్టు నడుమ ఆగిపోతే, అది తిరిగే లోతైన గొయ్యిలోకి దిగి సరిచేసి వస్తుంది. "పొద్దస్తమానం చీకట్లోనే ఉంటానమ్మా. ఒక్కసారి పైనా నీలం, కిందా నీలం ఉన్నచోట నిలబడాలని ఉంది" అంది. డబ్బులు తనే కూడబెట్టుకుంది. అడగ్గా అడగ్గా కంపెనీవాళ్లు ఈసారికి సెలవిచ్చారు. ఆదివారం సాయంత్రంలోగా టికెట్ ఖాయం చేసుకోవాలి, లేకపోతే టికెట్టూ పోతుంది, సెలవూ ఇంకొకరికి పోతుంది. ఇంత తొందరపెట్టేవాళ్లు మంచివాళ్లై ఉంటారా అన్నదే నా మొదటి అనుమానం.

మొదటి సమావేశంలో అన్నయ్య లేచి గొంతు సవరించుకున్నారు. "దీవి అనగా నేమి? నాలుగు వైపులా నీరు ఆవరించిన భూభాగం. అంటే ఏ వైపు పరుగెత్తినా నీళ్లే! పారిపోవడానికి సందు లేని చోటికి, పారిపోవలసిన అవసరం ఎక్కువగా ఉన్న చోటికి, బుద్ధున్నవాళ్లు డబ్బు కట్టి వెళ్తారా అని ఈ సభను అడుగుతున్నాను!"

సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టింది నేనే.

"అక్కడ తుఫానులకి మనుషుల్లాగా పేర్లు పెడతారట వదినా," అంది వార్తలావిడ, కళ్లు పెద్దవి చేసి. "పేరంటూ పెట్టాక అది ఊరికే పోతుందా? నిలబెట్టుకోవద్దూ!"

"తుఫానుల కాలం ఇది కాదత్తా," అంది అమ్మాయి.

"కాలం కాని కాలంలో వస్తేనేగా వార్త అయ్యేది!"

తర్వాత కొబ్బరికాయల సంగతి వచ్చింది. అక్కడి ఒడ్డు నిండా కొబ్బరిచెట్లే. నెత్తిన కాయ పడితే? ఏదైనా పరీక్షించి గానీ మాట్లాడకూడదని అన్నయ్య సిద్ధాంతం. కాబట్టి మా ఆయన నెత్తిన స్టీలు గిన్నె బోర్లించి వాకిట్లో నిలబెట్టాం. కొబ్బరికాయ ప్రమాదమని డాబా మీంచి బంగాళాదుంప వేశాను. గురి తప్పి ఆయన భుజం మీద పడింది. భుజం వాచింది. బంగాళాదుంపకే ఇంత వాస్తే కొబ్బరికాయ మాటేమిటని సంఘం ఏకగ్రీవంగా దిగ్భ్రాంతి ప్రకటించింది. మా ఆయన మాత్రం మూడుకాళ్ల పీట మీద కూర్చుని భుజం రుద్దుకుంటూ తల ఊపారు.

పడవలో కడుపు తిప్పుతుందో లేదో తేల్చడానికి మంచాన్ని నలుగురం నాలుగు మూలలా పట్టుకుని ఊపాలనుకున్నాం. అమ్మాయి పనికి వెళ్లింది కాబట్టి ఆమె బదులు అన్నయ్య పడుకున్నారు. మిగిలింది ముగ్గురమే కావడంతో ఒక మూల ఎక్కువ ఊగింది. అన్నయ్యకి వాంతైంది. కనుక అమ్మాయికి సముద్రం పడదని రాసుకున్నాం.

ఇన్ని చేసినా పిల్ల మొండికేయలేదు, అరవలేదు. ఏది అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పేది. అదే నాకు మరీ భయం. కేకలేసే పిల్లనైతే బుజ్జగించవచ్చు.

ఆదివారం రానే వచ్చింది. సంఘం మీద అపనింద రాకూడదని అన్నయ్య ఒక చారిత్రక పరిష్కారం ప్రకటించారు. "అమ్మడూ, దీవి వద్దని మేం అనలేదు. దూరం మాత్రమే వద్దంటున్నాం. దీవినే ఇంటికి తెప్పిస్తే సరి!"

డాబా మీద నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి పెట్టి నీళ్లు పోశాం. వీధి చివర ఇల్లు కట్టుకుంటున్నవాళ్లనడిగి రెండు తట్టల ఇసుక తెచ్చాం. అమ్మాయికి లైఫ్ జాకెట్ తొడిగి తొట్టిలో కూర్చోబెట్టాం. నీళ్లు చీలమండల దాకానే. అయినా చీలమండల లోతు నీళ్లలో పోయినవాళ్లున్నారని వార్తలావిడ చెప్పడంతో, నడుముకి కొత్త తాడు బిగించి రెండో కొస నీళ్ల ట్యాంకు ఇనప స్తంభానికి కట్టాం. కారుని ఎత్తినా తెగదన్నాడు దుకాణం అతను. అతని మాట నమ్మకుండా అన్నయ్య, మా ఆయన దాన్ని పట్టుకుని వేలాడి చూశారు కూడా.

"ఇక్కడా పైన నీలమే కదే" అన్నాను.

"అవునమ్మా," అంది ఆకాశం వంక చూస్తూ. కాసేపటికి చేతిలోని ఫోను మా వైపు తిప్పింది. "ఈ బటన్ నొక్కితే టికెట్ ఖాయం. అందరూ సరే అంటే ఇప్పుడే నొక్కేస్తాను."

అన్నయ్య ఆకాశంలో మబ్బు కోసం వెతికారు. వార్తలావిడ నా వంక చూసింది. అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. మా ఆయన నోరు తెరిచి, "స..." అన్నారు. ముగ్గురం గిరుక్కున తిరిగేసరికి ఆ మాటని దగ్గుగా మార్చేశారు. ఎంత చక్కగా దగ్గారంటే, నేను వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

అంతలో ఆ ఫోనే మోగింది. కంపెనీ నుంచి. ఏదో మేడలో పై అంతస్తుల మధ్య లిఫ్టు ఇరుక్కుందట, లోపల జనం ఉన్నారట, వెంటనే దిగాలట. పిల్ల తొట్టిలోంచి లేచి జాకెట్ విప్పింది. తాడు ముడి విప్పి, చుట్టగా చుట్టి, భుజాన వేసుకుంది.

"ఇది నేను తీసుకెళ్తానమ్మా. అక్కడ మా నడుముకి కట్టే బెల్టు కుట్లు ఊడిపోయాయి. కొత్తది అడిగితే వచ్చేవారం, వచ్చేవారం అంటున్నారు."

"కంపెనీ సామాను కంపెనీయే ఇవ్వాలి అమ్మడూ. అది పద్ధతి," అన్నారు అన్నయ్య.

"కొత్త తాడే! ఆ నల్లజిడ్డంతా పట్టించుకొస్తావా?" అని దాన్ని నేనే భుజం మీంచి తీశాను. "పైగా బెల్టు బెల్టు అని మాటిమాటికీ వాళ్లని విసిగించకు. ఉద్యోగం పోతే? అంతకంటే ప్రమాదం ఇంకేముంది?"

అమ్మాయి నవ్వినట్టే ఉంది. తడి కాళ్లతోనే మెట్లు దిగింది. "జాగ్రత్తగా వెళ్లిరా తల్లీ" అని అందరం పైనుంచి చెయ్యూపాం. పనికి వెళ్లడానికి మా ఇంట్లో ఎవరి "సరే" అక్కర్లేదు.

ఆమె ఆ గొయ్యిలో వేలాడుతున్న సమయానికే టికెట్ గడువు దాటింది. సంఘం తన బాధ్యత సంపూర్ణంగా నెరవేర్చిందని తీర్మానించి, అధ్యక్షులకి శాలువా కప్పాం. మీ ఇంట్లో ఎవరైనా దీవికి వెళ్తామని మొండికేస్తే కబురు చేయండి, నలుగురం వచ్చి ఆపుతాం. బెల్టు సంగతి మాత్రం మమ్మల్ని అడగొద్దు. రోజూ లిఫ్టెక్కే మీరే ఎప్పుడూ అడగలేదు.