తోటకు తక్కువైన పల్లె కళ

ఆ ఉదయం పెద్దాయన పెట్టుకున్న పని ఒక్కటే: టీ కప్పు పట్టుకుని సొంత తోటలో దర్జాగా పచార్లు చేయడం. సేద్యం మానేసి, పశువులను పాలవాడికి అమ్మేసి, పొలమంతా పచ్చిక పరిపించాడు. పశువుల కొట్టం ఇప్పుడు తెల్ల సోఫాల అతిథి గది. మధ్యాహ్నం తోటల పత్రికవాళ్ళు ఫోటోలకు వస్తున్నారు.

"ఇన్నేళ్ళూ పేడ ఎత్తింది చాలు. ఇక ఈ ఇంట్లో పేడ కనబడిందా, మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను" అని భార్య ముందే తేల్చి చెప్పింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఆమె లేకపోతే ఆయనకు పూట గడవదు.

తోట వేయించిన డిజైనరు వచ్చి, అంతా తిరిగి చూసి పెదవి విరిచాడు.

"అంతా బావుందండీ. పల్లె కళే లేదు."

"పల్లెను తీసేయమన్నది మీరే కదండీ?"

"పల్లెను తీసేయమన్నాను. కళను కాదు."

పాత సామాన్లలోంచి బండి చక్రం తెచ్చి చెట్టుకు ఆనించారు. చక్రం దిక్కులేనిదానిలా ఉందని డిజైనరు పక్కన గడ్డివాము వేయించాడు. వాము నాటకాల సెట్టులా ఉందని చివరికి ఆవు కావాలన్నాడు.

"కాసేపు అరువు తెస్తే చాలండీ. ఫోటో అవగానే పంపించేద్దాం."

పాలవాడికి ఫోన్ చేశారు. ఆవు మాట వినగానే అతనికి అంతా అర్థమైపోయింది, తప్పుగా. తోట మోజు తీరి పెద్దాయన మళ్ళీ సేద్యంలోకి దిగుతున్నాడనుకుని, ఆ శుభవార్త దారి పొడుగునా చెప్పుకుంటూ పాత ఆవును తోలుకొచ్చాడు. వెనకాలే పాత పనివాళ్ళు ట్రాక్టరుతో సహా దిగారు.

"మీరు పిలవకపోతే మాత్రం మేం రామా అండీ!" అంటూ పచ్చిక దున్నడం మొదలుపెట్టారు.

"ఆగండ్రా బాబూ!" అని పెద్దాయన లబలబలాడాడు.

"ఉండనివ్వండి సార్, ఎంత సహజంగా ఉందో!" అంటూ డిజైనరు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఈలోగా ఆవు ఎవరినీ అడక్కుండా అతిథి గదిలోకి నడిచి, సోఫాల మధ్య తన పాత చోట నిలబడి, తివాచీ మీద తన పని తాను కానిచ్చింది.

"ఎంత జ్ఞాపకమో చూడండి దీనికి!" అని మురిసిపోయాడు పాలవాడు.

భార్య వచ్చి చూసింది. నేరుగా లోపలికి వెళ్ళి పెట్టెతో బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే పత్రికవాళ్ళ కారు ఆగింది. ఫోటోగ్రాఫరు ట్రాక్టరునూ, వామునూ, కిటికీలోంచి చూస్తున్న ఆవునూ చూశాడు.

"ఇక్కడెక్కడో తోట ఉందన్నారండీ. దారెటు?"

పెద్దాయన అతన్ని దాటుకుని గేటు వైపు పరుగెత్తాడు. భార్య గేటు దాకా వెళ్ళిపోయింది.

"వెళ్ళకే! నేనెత్తుతాను. ఇక మీదట రోజూ నేనే ఎత్తుతాను!" అని నలుగురూ వినేలా అరిచాడు.

ఆమె ఆగిపోయింది. కాపురానికొచ్చిన నాటినుంచి ఆ మాట కోసమే ఎదురుచూసింది. కళ్ళు చెమర్చాయి. అయినా పైకి కనబడనివ్వకుండా పెట్టె కింద పెట్టింది.

"సరే, ముందు ఆ గదిలోది ఎత్తండి. చూస్తాను."

మరుసటి నెల పత్రికలో పెద్దాయన ఫోటో రానే వచ్చింది, నెత్తిన తట్టతో, ఎరువుల పేజీలో.