పామర్రు పెట్టెకు ప్రథమ బహుమతి

రాష్ట్రంలో ఇకమీదట ఏ కంప్యూటరూ అకాల మరణం పాలవడానికి వీల్లేదని మంత్రి బసవపున్నయ్య గారు ప్రకటించారు. 2003 జూన్‌లో, విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ఏసీ హాల్లో, ఇరవైమంది విలేకరుల ఎదుట నిండు గొంతుతో ప్రకటించారు. మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగింది గాని మంత్రిగారు ఆగలేదు.

"కొనడం గొప్ప కాదండీ, కొన్నదాన్ని నిలబెట్టుకోవడం గొప్ప. తాతలనాటి ఇత్తడి బిందెతో ఇవాళ్టికీ నీళ్లు తెచ్చుకుంటన్నామా లేదా? కంప్యూటర్ని కూడా అట్టాగే మనవల చేతికి అప్పజెప్పాల!"

అని ఊరుకోలేదు. ఆయన చెప్పేదొకటి, చేసేదొకటి అనే మాట పడే మనిషి కాదు. జేబులోంచి చిన్న పట్టుసంచీ తీసి, అందులోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన సెల్‌ఫోను తీసి అందరికీ చూపించారు. "తొంభై ఎనిమిదిలో కొన్నాను. ఐదేళ్లు. ఒక్క గీత పడిందేమో చూడండి."

అదే సమయానికి ఫోను మోగింది. మంత్రిగారు దాని వంక ముద్దుగా చూసుకున్నారే తప్ప ఎత్తలేదు. "ఎత్తితే అరిగిపోద్దండీ" అన్నారు. వెనక నిలబడ్డ పీఏ అంతోని తన జేబుల్లో ఉన్న నాలుగు కొత్త ఫోన్లలో ఒకటి తీసి, చేసినవాళ్లెవరో కనుక్కుని మాట్లాడాడు. విలేకరులు చప్పట్లు కొట్టారు.

పథకం పేరు 'చిరాయువు'. ఏ ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ ఎక్కువకాలం, తక్కువ ఖర్చుతో నిలిచిందో ఆ కార్యాలయానికి ప్రథమ బహుమతి, శాలువా, ప్రశంసాపత్రం. "దాన్ని కాపాడిన మనిషి కాంట్రాక్టు మీదుంటే అక్కడికక్కడే పర్మనెంటు!" అన్నారు మంత్రిగారు.

వెనక వరసలో ప్రెస్‌నోట్ల కట్ట పట్టుకుని నిలబడ్డ షహనాజ్ ఆ మాటకి కట్టలోంచి ఒక కాగితం లాగి మళ్లీ చదువుకుంది. ఆ ప్రెస్‌నోటు టైపు చేసింది ఆమే. పొద్దున ఆమె టైపు చేసినప్పుడు పర్మనెంటు మాట అందులో లేదు. మంత్రిగారు అప్పటికప్పుడు ఉదారంగా కలిపారు.

షహనాజ్ కాలువగట్ల పర్యవేక్షణ కార్యాలయంలో డేటా ఎంట్రీ ఆపరేటరు. ఆరేళ్లుగా పనిచేస్తోంది. ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఆమె ఎన్నడూ ఎనభై తొమ్మిది రోజులకు మించి పనిచెయ్యలేదు. తొంభయ్యో రోజు కూడా పనిచేస్తే పర్మనెంటు చెయ్యమని అడుగుతుందేమోనని, ఆ రోజు ఇంటికి పంపేసి మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. ఒకే మనిషికి ఇరవై నాలుగుసార్లు ఉద్యోగం ఇచ్చిన ప్రభుత్వం మరొకటి ఉంటుందా? హాజరు పట్టీలో అందరి పేర్లూ పెన్నుతో రాసి, ఆమె పేరు పెన్సిల్‌తో రాసేవారు. మూడు నెలలకోసారి చెరపడానికి వీలుగా ఉంటుందని ఆఫీసరు జాన్‌బాబు గారు చేసిన ఏర్పాటు అది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన పేరు సిరాతో చూసుకోవాలని షహనాజ్ కోరిక.

ఆ ఆఫీసు కంప్యూటరు కూడా ఆమెతోపాటే తొంభై ఏడులో వచ్చింది. అది ఆమె మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఫ్యాను మొరాయిస్తే మిషను పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి నడిపించింది. ప్రింటరు రిబ్బన్ వెలిసిపోతే కొత్తది అడక్కుండా, రబ్బరు స్టాంపుల ఇంకు పట్టించి మూడేళ్లు లాగింది. మౌసులో ఉండే ఉండ తీసి, లోపల పేరుకున్న మురికి గోటితో గీకేది. కీబోర్డు బోర్లించి దులిపి, సందుల్లో పాత టూత్‌బ్రష్ ఆడించేది. యూపీఎస్ చచ్చిపోతే ఆమె తమ్ముడు రిజ్వాన్ తన మెకానిక్ షెడ్డులోంచి పాత బ్యాటరీ తెచ్చి తగిలించాడు. మోనిటర్ పచ్చగా మారిపోతే ఎడమ చెంప మీద ఒక్కటి వేసేది, రంగు సర్దుకునేది.

ఒక్కసారి మాత్రం మిషను గట్టి దెబ్బ తింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, అది తేదీ మర్చిపోయింది. ఆ వారమంతా ఆఫీసు ఉత్తరాలు 1980 జనవరి ఒకటో తేదీతో వెళ్లాయి. ఎవరూ కనిపెట్టలేదు సరికదా, "ఇరవై మూడేళ్ల నాటి మీ లేఖకు జాప్యం లేకుండా జవాబిస్తున్నాము" అని రెండు ఆఫీసులనుంచి సమాధానాలు కూడా వచ్చాయి. షహనాజ్ వాచీల కొట్టుకు వెళ్లి, నలభై రూపాయలు పెట్టి గుండీ అంత బ్యాటరీ కొని వేసింది. ఆ బిల్లు ఆఫీసులో ఇచ్చింది. అదే ఆమె చేసిన తప్పు.

తనిఖీ కమిటీ ముగ్గురు సభ్యులతో వచ్చింది. ఎండాకాలంలో కూడా కోటు విప్పని చైర్మన్ గారు మిషను చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణ చేశారు.

"ఇదేంటమ్మా, పక్క రేకు ఊడిపోయింది?"

"గాలి ఆడాలని నేనే తీశానండీ."

"ఈ మీటల మీద అక్షరాలేవి?"

"అరిగిపోయినయ్యండీ. వాడితే అరుగుతాయి కదండీ."

చైర్మన్ గారు పక్కనున్న సభ్యుడి వంక తిరిగి, "వాడినట్టు ఒప్పుకుంది, రాసుకోండి" అన్నారు. ఆయన రాసుకున్నాడు.

"మరమ్మతు ఖర్చు?"

"ఆరేళ్లకీ కలిపి నలభై రూపాయలండీ" అంది షహనాజ్, కాస్త గర్వంగానే.

"నలభై!" అన్నారు చైర్మన్ గారు. అంత సొమ్ము ఒక్క మిషను ఎలా మింగిందా అన్నట్టు చాలాసేపు దాన్నే చూశారు.

తర్వాత కమిటీ పామర్రు ఉప కార్యాలయానికి బయల్దేరింది. కమిటీలో ఎవరికీ టైపు రాదు గనక రిపోర్టు రాసుకోవడానికి షహనాజ్‌ని కూడా జీపులో ఎక్కించుకున్నారు. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దగ్గర ఆగి అందరూ చెరుకురసం తాగారు.

పామర్రులో సూపరింటెండెంట్ రావమ్మ గారు గుమ్మంలోనే ఆపేశారు. "చెప్పులు బైట ఇప్పండి బాబూ, కంప్యూటర్ గది."

అందరూ విప్పి లోపలికి వెళ్లారు. గది మధ్యలో పీట, పీట మీద జరీ అంచు పంచె కప్పిన అట్టపెట్టె. నాలుగు వైపులా కుంకుమ బొట్లు. ఫ్యాక్టరీలో వేసిన టేపు వేసినట్టే ఉంది. పెట్టె వచ్చింది తొంభై ఆరులో, అంటే షహనాజ్ మిషను కన్నా ఏడాది పెద్దది. దాని ప్లగ్గుకి మూడు కాళ్లని పెట్టె మీద రాసి ఉంది, గోడకేమో రెండు బెజ్జాల పాయింటే ఉంది. మూడు బెజ్జాల పాయింటు కోసం రావమ్మ గారు పై ఆఫీసుకు రాసిన ఉత్తరాల ఫైలు, పెట్టె పక్కనే మూరెడు ఎత్తు పెరిగింది.

చైర్మన్ గారి గొంతు తగ్గిపోయింది. "ఇన్నేళ్లలో ఎప్పుడన్నా మధ్యలో ఆగిపోయిందా అమ్మా?"

"ఒక్కసారి కూడా ఆగలేదండీ."

"వైరస్?"

"గడప తొక్కనిస్తేగా!"

"మరమ్మతు ఖర్చు?"

"పైసా లేదండీ. దసరాకి ఒక కొబ్బరికాయ కొడతాం, అదీ నా సొంత డబ్బే."

"కరెంటు ఎంత కాలుద్ది?"

"ఇప్పటిదాకా ఒక్క యూనిట్ కూడా కాల్చలేదు. అంత పొదుపరి పిల్లని నేనెక్కడా చూళ్లేదు."

ముగ్గురు సభ్యులూ చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఇలాంటి యంత్రం ఒకటి కృష్ణా జిల్లాలో ఉందని ఇంతకాలం తమకు తెలియకపోయిందే అని ఒకాయన బాధపడ్డాడు.

కమిటీ టిఫిన్‌కి కూర్చున్నాక, షహనాజ్ ఆగలేక రావమ్మ గారిని పక్కకి పిలిచింది. "మేడమ్, ఒక్కసారన్నా తెరిచి చూడాలనిపించలేదాండీ?"

రావమ్మ గారు చీర చెంగుతో పెట్టె మీద దుమ్ము తుడిచారు. "అనిపించకేం అమ్మాయ్! స్టాకు రిజిస్టర్లో ఇది నా పేరు మీదుంది. తెరిచాక పాడైందనుకో, రిటైరయ్యేటప్పుడు నా పెన్షన్ ఆపేస్తారు. తెరవలేదనుకో, ఒక్కడు కూడా నన్నేమీ అనడు. నువ్వైతే ఏం చేసేదానివి చెప్పు?"

షహనాజ్ విజయవాడ తిరిగొచ్చి, రిపోర్టు తన మిషను మీదే టైపు చేసింది. ప్రథమ స్థానం పామర్రు. తన ఆఫీసు పేరు పక్కన 'అతి వాడకం, దుబారా' అని కొట్టాల్సి వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిషను మాత్రం ఏమీ పట్టించుకోకుండా, ఒక్క అక్షరం తప్పులేకుండా ప్రింటు ఇచ్చింది.

బహుమతి ప్రదానానికి పామర్రులో కల్యాణ మంటపం కిరాయికి తీసుకున్నారు. మంత్రిగారు పెట్టెకు గజమాల వేసి, శాలువా కప్పి, రెండు చేతులా దండం పెట్టారు. "ఇదండీ నిగ్రహం అంటే! ఏడేళ్లు! చేతికందేంత దూరంలో కంప్యూటర్ ఉన్నా ముట్టుకోని ఉద్యోగులున్నారంటే, ఈ గడ్డ గొప్పతనం ఏంటో చూడండి! ఈ శుక్రవారంలోగా రాష్ట్రంలో ప్రతి ప్రభుత్వ కంప్యూటరూ ఇట్టాగే పెట్టెలోకి వెళ్లాల. సీలు పడాల. నా పేషీలో కంప్యూటర్ రేపే సర్దేస్తన్నాం, ఆదర్శం నాతోనే మొదలవ్వాలిగా!"

చప్పట్లు సద్దుమణిగాక చిక్కొచ్చింది. పర్మనెంటు ఎవరికివ్వాలి? పామర్రులో ఆ పెట్టెను చూసుకున్న రావమ్మ గారు ఎప్పుడో పర్మనెంటు. కాంట్రాక్టు మనిషి అక్కడ ఒక్కరూ లేరు. అంతోని మంత్రిగారి చెవిలో ఏదో చెప్పబోయాడు. ఈలోగా రావమ్మ గారు మైకు పట్టుకున్నారు.

"అయ్యా, బెజవాడ నుంచి వచ్చిన ఆ అమ్మాయికివ్వండి. మా పెట్టె గురించి అంత చక్కగా రిపోర్టు రాసింది. ఆరేళ్ల నుంచి చేస్తందంట పాపం."

మంత్రిగారిది జాలిగుండె, అందులోనూ ముందు వరసలో కెమేరాలున్నాయి. "ఇచ్చేశాను! అమ్మాయీ, నువ్వీ క్షణం నుంచి పర్మనెంటు. పోస్టు పేరు కంప్యూటర్ల సంరక్షకురాలు. ఒకటే షరతు, ఏ పెట్టే తెరవకూడదు!"

షహనాజ్ ఏడ్చింది, నవ్వింది, ఎవరికి దండం పెట్టాలో తెలియక స్టేజీ మీదున్న అందరికీ పెట్టింది, పెట్టెతో సహా. ఇంటికెళ్లేసరికి ఆమె తల్లి బేగం బీ గిన్నెడు సేమ్యా పాయసం కాచి వీధంతా పంచుతోంది. "మా పిల్ల పేరు పెన్నుతో రాస్తారంట!" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది.

గురువారం సాయంత్రం షహనాజ్ తన మిషనుని తనే సర్దింది. దాని అసలు పెట్టె ఎప్పుడో చెదలు తినేసింది, అందుకని ఫ్రిజ్ తాలూకు అట్టపెట్టె తెప్పించారు. స్విచ్ ఆపే ముందు, ఇక ఆపెయ్యవచ్చు, ఫరవాలేదు అని తెర మీద ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. ఆమె ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుని స్విచ్ ఆపింది. నాలుగు కలరా ఉండలు లోపల వేసి టేపు అంటించింది. లక్కసీలు వేసి జాన్‌బాబు గారు సంతకం చేశారు.

మూడు వారాలు గడిచాయి. పర్మనెంటు ఆర్డరు రాలేదు. ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రం షహనాజ్ జాన్‌బాబు గారి బల్ల ముందు నిలబడింది.

"సార్, ఇవాళ్టితో నా కాంట్రాక్టు అయిపోద్దండీ. ఎల్లుండి మళ్లీ చేర్చుకుంటారా?"

"ఎట్టా చేర్చుకుంటామమ్మా?" జాన్‌బాబు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఆపరేట్ చెయ్యడానికి కంప్యూటర్ లేనప్పుడు ఆపరేటర్ పోస్టు ఎక్కడుంటది? రద్దయిపోయింది. అయినా నీకు బెంగెందుకు, నువ్వు పర్మనెంటువి."

"ఆర్డరు రాలేదు కదండీ."

"ఆర్డరు రెడీగా ఉంది. ఇదిగో, నా చేత్తో నేనే రాశాను, చూడు ఎంత చక్కగా ఉందో. టైపు చెయ్యడమే మిగిలింది. చేతిరాత ట్రెజరీలో తీసుకోరు."

"టైపు మిషన్ ఏదైనా..."

"కంప్యూటర్లొచ్చాయని అన్నీ వేలం వేశాంగా."

"నేను కిందకెళ్లి నెట్ సెంటర్లో టైపు చేసుకొస్తానండీ. పది నిమిషాల పని."

"అమ్మమ్మమ్మ! గవర్నమెంటు ఆర్డరు బయట టైపు చేస్తే ఇంకేమన్నా ఉందా? రహస్యం కాదూ?"

"నా ఉద్యోగం గురించేగా సార్, నాకు తెలిసిందేగా!"

"నీకు తెలిసినా సరే, రహస్యం రహస్యమే."

షహనాజ్ గోడవారన ఉన్న ఫ్రిజ్ పెట్టె వంక చూసింది. "పోనీ దీని సీలు ఒక్కసారి తియ్యనివ్వండి సార్. టైపు చేసి మళ్లీ నేనే వేసేస్తాను."

జాన్‌బాబు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. చాలాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టారు, ఆయన ముఖం వెలిగింది.

"మంత్రిగారి పర్మిషన్ ఉంటే తియ్యొచ్చమ్మా. ఈ ఒక్క సీలు తీసుకోవడానికి అనుమతి కోరుతూ వారికి లెటర్ పెడదాం. అది కూడా ఇప్పుడే నా చేత్తో రాసిపెడతాను."

"ఎప్పుడు పంపిస్తారండీ?"

"టైపు అవ్వగానే."